ఓడ ఆపదలో పడితే ఒడ్డుకు ఎలా తెలియును?

మనిషి ఎంత గట్టిగా అరచినా అతని కేక నిశ్శబ్దమైన రాత్రివేళ ఒక కిలోమీటరు దూరం పోవుట అరుదు. గాలి హోరు, అలల ఘోష ఉన్న సముద్రం మీద అది పక్క పడవకు కూడా చేరదు. పోనీ, కంటికి కనిపించేటట్లు ఏదైనా చేయవచ్చునా అంటే అక్కడ భూమి గుండ్రదనమే అడ్డం వచ్చును. ఎత్తున ఉన్న కంటికి దిగ్మండలం ఎంత దూరంలో ఉండునో పైథాగరస్ సిద్ధాంతంతో హైస్కూలు విద్యార్థి కూడా కట్టగలడు. కంటి ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 3.57 చేత గుణిస్తే దూరం కిలోమీటర్లలో వచ్చును. ఒడ్డున నిలిచినవాని కన్ను నీటికి ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటే దిగ్మండలం 4.4 కిలోమీటర్ల దూరాన ఉండును. పడవలో తెరచాప కొయ్యకు 4 మీటర్ల ఎత్తున లాంతరు కడితే దాని వంతు మరి 7.1 కిలోమీటర్లు. రెండూ కలిపితే పదకొండున్నర. అంతకు అవతల ఆ లాంతరు ఎంత ప్రకాశవంతమైనదైనా ఒడ్డున ఉన్నవానికి అది నీటి కింద మునిగి ఉన్నట్టే లెక్క.

తిరువూరు వంటి మెట్ట ఊరిలో, సముద్రానికి నూరు కిలోమీటర్లకు పైగా ఎడంగా, మామిడితోటల నడుమ ఉన్న పాఠశాలలో ఈ లెక్క కేవలం లెక్కగానే తోచవచ్చును. కాని 2022లో జిల్లాలు విడిపోయేవరకు ఈ ఊరి వారికి జిల్లా ముఖ్యపట్టణం బందరు రేవు. అక్కడినుండి ఉత్తరంగా కాకినాడ, విశాఖపట్టణం వరకు తీరం పొడవునా నివసించే మత్స్యకారులకు ఈ పదకొండున్నర కిలోమీటర్లు లెక్క కాదు, ప్రాణం. వేటకు పోయే మరబోట్లు ఆ గీత దాటి ఎంతో లోపలికి పోతాయి. గీత దాటిన తరువాత పడవ మునిగినా, ఇంజను చెడినా, మనిషి నీళ్లలో పడినా ఒడ్డుకు తెలియజేయుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన చరిత్ర రెండు వందల ఏళ్లకు మించినది. అది మన తీరానికి చేరడానికి పట్టిన కాలం మాత్రం ఆలోచింపదగినది.

పూర్వపు నావికులకు తెలిసిన ఉపాయాలు కొద్దివి. నిమిషానికి ఒకసారి ఫిరంగి పేల్చుట, తారుపీపాకు నిప్పు పెట్టుట, జెండాలు ఎగురవేయుట, ఆకాశంలోకి తారాజువ్వలు వదలుట. ఇవన్నీ పాతబడి పోయినవని అనుకోరాదు. ఓడలు ఒకదానినొకటి ఢీకొనకుండా నిర్ణయించిన అంతర్జాతీయ నియమాలకు ఒక అనుబంధం కలదు. ఆపద సంకేతాలు ఏవేవో అందులో వరుసగా చెప్పారు. నిమిషానికొక ఫిరంగి మోత నేటికీ అందులో ఉన్నది, మండే తారుపీపా కూడా ఉన్నది. రెండు చేతులు చాచి మెల్లగా పైకి కిందికి ఆడించుట కూడా ఒక సంకేతమే. దీనికి పైసా ఖర్చు లేదు, చదువు అక్కరలేదు. ఉపాధ్యాయులు ఈ ఒక్క సంకేతాన్ని పిల్లలకు నేర్పినా మంచిదే. ఆత్రంగా చేతులు ఊపితే దూరాన ఉన్నవారు దానిని పలకరింపు అనుకొని తిరిగి చేయి ఊపి పోవచ్చును గదా!

తారాజువ్వ మనకు దీపావళి సామగ్రి. ఓడలవారి తారాజువ్వ దానికి పెద్దన్న వంటిది. అది కనీసం 300 మీటర్ల ఎత్తుకు పోయి, అక్కడ చిన్న గొడుగు విప్పుకొని, ఎర్రని మంటతో 40 సెకన్లకు తక్కువ కాకుండా మండుతూ మెల్లగా దిగవలెనని నిబంధన. పై సూత్రంలో 300 వేసి చూస్తే దిగ్మండలం అరవై కిలోమీటర్లు దాటిపోవును. లాంతరుకు, దీనికి అదీ తేడా. చేతితో పట్టుకొనే ఎర్ర మతాబులు, పగటిపూట నారింజరంగు పొగ వెదజల్లే డబ్బాలు కూడా ఉన్నవి. వీటన్నిటికీ ఒకే లోపం ఉన్నది. ఆ సమయానికి ఆ దిక్కు చూసే మనిషి ఒకడు ఉండవలెను, చూసినది ఏమిటో అతనికి అర్థం కావలెను.

ఈ లోపాన్ని తీర్చినది నిస్తంత్రీ వార్త, అనగా రేడియో. మార్కోనీ కంపెనీ 1904లో తన ఓడ ఆపరేటర్లకు సి.క్యూ.డి. అనే మూడక్షరాల పిలుపును నిర్ణయించినది. 1906లో బెర్లినులో సమావేశమైన దేశాలు ఎస్.ఓ.ఎస్. అనే పిలుపును ఒప్పుకున్నవి. అది 1908 జూలై 1 నుండి అమలులోకి వచ్చినది. ఈ మూడక్షరాలు ‘మా ఆత్మలను రక్షించండి’ అనే ఇంగ్లీషు మాటలకు పొట్టిరూపమని పాఠ్యపుస్తకాలలో సైతం కనిపించును. అది తరువాతివారు కల్పించిన అర్థం. మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు ఎడం లేకుండా వరుసగా కొడితే ఎంత రొదలోనైనా చెవి గుర్తుపట్టును. ఎన్నికకు కారణం అంతే. మాటలతో రేడియో వచ్చిన తరువాత చెవికి పట్టే మాట ఒకటి కావలసివచ్చినది. 1920 ప్రాంతాలలో లండను దగ్గరి క్రాయిడను విమానాశ్రయంలో రేడియో అధికారిగా ఉన్న మాక్‌ఫర్డ్ ‘మేడే’ అనే పిలుపును సూచించినాడు. ఫ్రెంచి భాషలో ‘నాకు సాయపడండి’ అనే అర్థంగల మాట పలుకుబడికి అది దగ్గరగా ఉండును.

1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ మంచుకొండను ఢీకొన్నప్పుడు దాని ఆపరేటర్లు ఈ పాత, కొత్త పిలుపులు రెండింటినీ పంపినారు. కార్పేథియా అనే ఓడ విని, రాత్రంతా ప్రయాణించి వచ్చి ఏడు వందల మందిని పైకెత్తినది. దానికంటె చాల దగ్గరలోనే కాలిఫోర్నియన్ అనే ఓడ ఆగి ఉండెను. ఆ ఓడలో ఉన్న ఏకైక ఆపరేటరు తన పని ముగించి, యంత్రం ఆపి, నిద్రపోయినాడు. టైటానిక్ వదిలిన తెల్లని తారాజువ్వలను ఆ ఓడవారు కళ్లారా చూశారు కూడా; అవి ఆపద సంకేతాలని తెలుసుకోలేదు. పదిహేను వందల మంది చనిపోయినారు. యంత్రం ఉన్నంత మాత్రాన చాలదనీ, వినే చెవి ఇరవైనాలుగు గంటలూ తెరచి ఉండవలెననీ ప్రపంచం ఆ రాత్రి నేర్చుకొన్నది. 1914 జనవరిలో లండనులో కుదిరిన సముద్ర ప్రాణరక్షణ ఒడంబడికకు ఇదే మూలం.

కాని ఇరవైనాలుగు గంటలూ వినడానికి ప్రతి ఓడలో ముగ్గురు ఆపరేటర్లు కావలెను. చిన్న ఓడల యజమానులు అంత ఖర్చు భరిస్తారా? అందుకని ఒక చక్కని యుక్తి పన్నారు. ఆపద వార్తకు ముందు ఒక్కొక్కటి 4 సెకన్ల పొడవుగల పన్నెండు గీతలను, మధ్య ఒక్కొక్క సెకను ఎడంతో పంపవలెను. మొత్తం ఒక నిమిషం. మామూలు వార్తలలో ఇంతటి పొడవు గీతలు ఎన్నడూ రావు. కనుక ఈ గీతలను మాత్రమే గుర్తుపట్టి గంట మోగించే యంత్రాన్ని ఓడలో పెడితే నిద్రపోయే ఆపరేటరు లేచి కూర్చుండును. మరొక ఏర్పాటు నాకు ఇంకా ముచ్చటగా తోచును. ప్రతి గంటలోను 15వ నిమిషం నుండి 18 వరకు, 45 నుండి 48 వరకు 500 కిలోహెర్ట్జుల పౌనఃపున్యం మీద ప్రపంచమంతటా ఓడలన్నీ మౌనం పాటించేవి. బలహీనమైన పిలుపు ఏదైనా ఉంటే ఆ నిశ్శబ్దంలో వినిపించవలెనని ఉద్దేశం. ఓడలోని రేడియో గది గడియారం ముఖం మీద ఆ మూడేసి నిమిషాలకు ఎర్రరంగు వేసి ఉండేది.

మన దేశంలో ఇదే కాలంలో ఏమి జరిగినది? 1947 జూలై 17న బొంబాయి నుండి రేవస్‌కు బయలుదేరిన రామదాస్ అనే ప్రయాణికుల ఓడ తీరానికి ఎంతో దూరం పోకముందే వర్షపు గాలికి తలకిందులైనది. ఆరు వందల మందికి పైగా మరణించారు. ఆ ఓడలో రేడియో లేదు. ఈది ఒడ్డుకు చేరినవారు చెప్పిన తరువాతనే బొంబాయి నగరానికి సంగతి తెలిసినది. టైటానిక్ మునిగి అప్పటికి ముప్పైయైదేళ్లు!

రేడియోతో ఆపద వార్త చేరినా మరొక చిక్కు మిగిలిపోయినది. ‘మునుగుతున్నాం’ అన్న మాట వినిపించినది సరే, ఎక్కడ? ఓడ తన స్థానాన్ని తప్పుగా చెప్పవచ్చును, చెప్పే వ్యవధి లేకపోవచ్చును. ఈ చిక్కుకు విడుపు అనుకోని చోట దొరికినది. 1957 అక్టోబరులో సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను పంపినప్పుడు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో గయర్, వైఫన్‌బాక్ అనే ఇద్దరు యువశాస్త్రజ్ఞులు దాని ‘బీప్ బీప్’ ధ్వనిని విని ఊరుకోక, దాని పౌనఃపున్యం ఎట్లు మారుతున్నదో కొలిచారు.

తిరువూరు మీదుగా విజయవాడ నుండి జగదల్పూరు పోయే రహదారి పక్కన నిలిచి లారీ హారను విన్న పిల్లలందరికీ ఈ మార్పు తెలుసును. లారీ మనవైపు వచ్చేటప్పుడు హారను కీచుగా, దాటిపోగానే మొద్దుగా వినిపించును. లారీ వేగం సెకనుకు 20 మీటర్లు, ధ్వని వేగం 340 మీటర్లు అనుకొంటే ఈ తేడా ఒక్కొక్క వైపు నూటికి ఆరు వంతులు. ఇదే డాప్లర్ ఫలితం. రేడియో తరంగాల వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు, ఉపగ్రహపు వేగం సుమారు 7 కిలోమీటర్లు. నిష్పత్తి చాల చిన్నది. అయినా 406 మెగాహెర్ట్జుల తరంగాన్ని తీసుకొంటే మార్పు 9 కిలోహెర్ట్జుల వరకు వచ్చును. యంత్రాలకు అది కొలవడానికి కావలసినంత కన్నా ఎక్కువే.

రోడ్డు పక్కన కళ్లు మూసుకొని నిలబడినవాడు హారను స్వరం దిగిన క్షణాన్ని బట్టి లారీ ఎప్పుడు తన ఎదుటికి వచ్చినదో చెప్పగలడు. ఆ దిగుట ఠక్కున జరిగితే లారీ తన పక్కనుండే పోయినదనీ, మెల్లగా సాగుతూ జరిగితే పొలాలకు అవతలి బాట మీద పోయినదనీ కూడా చెప్పగలడు. ఇప్పుడు లారీ కదలుట, మనిషి నిలుచుట తారుమారు చేయండి. హారను నేలమీద నిలిచి ఉన్నది, చెవి ఉపగ్రహంలో కదులుతున్నది. స్వరం దిగిన క్షణం ఉపగ్రహం ఎక్కడ ఉన్నదో మనకు తెలుసు. దిగిన తీరు బట్టి దారికి ఎంత ఎడంగా హారను ఉన్నదో తెలియును. ఆపదలో ఉన్నవాడు తన చిరునామా చెప్పనక్కరలేదు, పిలుస్తూ ఉంటే చాలును. పిలుపే చిరునామా!

ఈ సూత్రం మీద అమెరికా, కెనడా, ఫ్రాన్సు, సోవియట్ రష్యాలు 1979లో చేతులు కలిపినవి. ఒకరిమీద ఒకరు క్షిపణులు గురిపెట్టుకొన్న రోజులలో కుదిరిన ఒడంబడిక ఇది. రష్యావారి కాస్పాస్, మిగిలినవారి సార్సాట్ అనే పేర్లు రెండూ కలిపి వ్యవస్థకు పెట్టారు. మొదటి ఉపగ్రహం 1982 జూన్ 30న రష్యా నుండి ఎగిరినది. అదే ఏడు సెప్టెంబరు 10న కెనడా అడవులలో కూలిన చిన్న విమానంలోని ముగ్గురు దీనివల్ల ప్రాణాలతో బయటపడ్డారు. రష్యా ఉపగ్రహం, కెనడా ప్రాణాలు.

ఓడలలో పెట్టే ఆపద బీకన్ ఒక పెద్ద టార్చిలైటు వంటిది. ఓడ మునిగినప్పుడు అది కూడా దానితో పోరాదు గనుక నీటి ఒత్తిడికి తెగే బంధంతో దానిని కట్టి ఉంచుతారు. నాలుగు మీటర్ల లోతుకు పోకముందే బంధం తెగి, బీకన్ పైకి తేలి, తనంతట తానే పలకడం మొదలు పెట్టును. దాని శక్తి 5 వాట్లు, ఒక చిన్న బల్బుపాటి. సుమారు 50 సెకన్లకు ఒకసారి అర సెకను పాటు మాత్రమే పలుకును. అందువల్ల బ్యాటరీ కనీసం 48 గంటలు నిలుచును. ఆ అర సెకనులోనే ఏ దేశపు ఏ ఓడదో తెలిపే సంఖ్య ఉండును. ఈ సంఖ్య లేనిదే పని సాగదు. ఎందుకంటే ప్రపంచంలో వచ్చే పిలుపులలో నూటికి తొంభైకి మించి పొరపాటున మోగినవే. కేంద్రంవారు మొదట యజమానికి ఫోను చేసి అడుగుతారు. అందులో అధికభాగం అక్కడితోనే తీరిపోవును. పాత బీకన్లు 121.5 మెగాహెర్ట్జుల మీద పలికేవి, వాటికి ఈ సంఖ్య లేదు. ఉపగ్రహాలు వాటిని వినడం 2009 ఫిబ్రవరి 1న మానివేసినవి.

భారతదేశం ఈ వ్యవస్థలో చేరి బెంగళూరులోను, లక్నోలోను భూకేంద్రాలు నెలకొల్పినది. 1992లో పంపిన ఇన్సాట్–2ఎ, 1993లో పంపిన ఇన్సాట్–2బి ఉపగ్రహాలలో 406 మెగాహెర్ట్జుల పిలుపును వినే యంత్రం ఉండెను. 1993 ఆగస్టు 1 నుండి 300 టన్నులు, ఆపైన ఉన్న అంతర్జాతీయ ఓడలన్నీ బీకన్ పెట్టుకొని తీరవలెనని శాసనం వచ్చినది.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తుపాను తీరం దాటినది. కోనసీమలో కొబ్బరిచెట్లు లక్షల సంఖ్యలో కూలినవి. వేయిమందికి పైగా చనిపోయారు. గల్లంతైనవారిలో చాలమంది వేటకు పోయిన మత్స్యకారులే. గోదావరి ముఖాన ఉన్న భైరవపాలెం, బలుసుతిప్ప గ్రామాలలో మగవారు తిరిగిరాని ఇళ్లు ఎన్నో. ఆ రాత్రి మన ఇన్సాట్ ఉపగ్రహాలు ఆకాశంలో తమ స్థానంలోనే ఉన్నవి. వినే చెవి ఉన్నది, బెంగళూరులో భూకేంద్రం ఉన్నది, శాసనం వచ్చి మూడేళ్లు దాటినది. ఆ బోట్లలో మాత్రం పిలిచే యంత్రం లేదు.

ఎందుకు లేదు? శాసనం వారికి వర్తించదు గనుక. సముద్ర ప్రాణరక్షణ ఒడంబడిక మొదటి అధ్యాయంలోనే ఎవరికి వర్తించదో ఒక జాబితా కలదు. యుద్ధనౌకలు, చిన్న సరకు ఓడలు, విహార నౌకలు, చేపలు పట్టే ఓడలు, ‘ఆదిమ నిర్మాణపు కొయ్య ఓడలు’. మన నావ, తెప్ప, మరబోటు అన్నీ ఈ జాబితాలోకి రాకుండా ఎక్కడికి పోవును! చేపల ఓడల కోసం ప్రత్యేకంగా 1977లోను, 2012లోను కుదిరిన ఒప్పందాలు 24 మీటర్లు, అంతకు మించిన పొడవు గలవాటికే. కాకినాడ, విశాఖ రేవుల మరబోట్లలో అధికభాగం అందులో సగం పొడవు ఉంటే ఎక్కువ. ఓడ పెద్దదైతే అందులోని ప్రాణం ఎక్కువ విలువైనదని శాసనకర్తలు అనుకొన్నారని నేననను. చిన్న పడవల సంగతి ఆయా దేశాల ప్రభుత్వాలకు వదిలివేశారు. ప్రభుత్వాలకు అది చాలకాలం గుర్తుకు రాలేదు.

గుర్తుకు వచ్చిన తరువాత మనవారు చేసిన పని మెచ్చదగినదే. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ మత్స్యకారుల కోసం చౌకైన ఆపద ప్రసారిణిని తయారుచేసినది. దీనిని ఇంగ్లీషు పొడి అక్షరాలతో ‘డాట్’ అంటారు. 2010 నుండి ఇది వాడుకలో ఉన్నది. ఇక్కడ ఒక శాస్త్రవిషయం గమనింపవలెను. భూస్థిర ఉపగ్రహం భూమితోపాటే తిరుగును గనుక మనకు కదలనట్లే కనిపించును. అది ఎప్పుడూ తలపైనే ఉన్నది కాబట్టి పిలుపు వెంటనే అందును. కాని కదలిక లేదు కాబట్టి డాప్లర్ ఫలితం లేదు, చిరునామా దొరకదు. అందుచేత డాట్ ముందుగా స్థాననిర్ణయ ఉపగ్రహాలనుండి తన అక్షాంశ రేఖాంశాలు తెలుసుకొని, వాటిని పిలుపులో చేర్చి పంపును. బెంగళూరు కేంద్రం ఆ సంకేతాన్ని విప్పి, బోటు ఏదో, ఎక్కడ ఉన్నదో తీరరక్షక దళం వారికి తెలియజేయును. ఇరవై వేలకు పైగా డాట్‌లు వాడుకలోకి వచ్చినవి.

ఒడ్డునుండి బోటుకు పోయే హెచ్చరిక సంగతి వేరు. బందరును ముంచి ముప్పై వేలమందిని పొట్టన పెట్టుకొన్న 1864 నవంబరు 1 నాటి ఉప్పెన, దానికి నెల ముందటి కలకత్తా తుపాను తరువాతనే మన దేశంలో రేవులకు తుపాను హెచ్చరికలు మొదలైనవి. 1865లో కలకత్తా రేవు మొదటిది. స్తంభం మీద వేలాడదీసిన బుట్టలు, రాత్రి దీపాలు రేవులో ఉన్న ఓడకు కనిపించును. లోపలికి పోయిన ఓడకు కనిపించవు. మన మొదటి లెక్కే మళ్లీ! సెల్‌ఫోను తరంగం సైతం తీరం నుండి పదీ పన్నెండు కిలోమీటర్లు దాటితే అందదు. 2017 నవంబరు చివర ఓఖీ తుపానులో కేరళ, తమిళనాడు మత్స్యకారులకు ఇదే జరిగినది. లోతు సముద్రంలో ఉన్నవారికి హెచ్చరిక చేరలేదు. ఆ తరువాత హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం 2019 అక్టోబరులో ‘జెమిని’ అనే చిన్న పెట్టెను విడుదల చేసినది. విమానాల కోసం నెలకొల్పిన గగన్ వ్యవస్థ ఉపగ్రహాల నుండి అది హెచ్చరికను అందుకొని సరంగు ఫోనుకు చేర్చును. దీనికి నోరు లేదు, చెవి మాత్రమే. డాట్‌కు నోరు ఉన్నది, చెవి లేదు. నీళ్లలో తేలుతూ మీట నొక్కినవానికి తన పిలుపు అందినదో లేదో తెలియదు.

నదులకు ఈ చెవి, నోరు రెండూ లేకపోయినవి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద గోదావరిలో విహారపు బోటు మునిగినప్పుడు యాభైమంది వరకు పోయారు. ప్రాణాలు దక్కిన ఇరవై ఆరుగురిని పైకి లాగినది చుట్టుపక్కల గ్రామస్థులు. వారు కళ్లతో చూసి, తమ పడవలు తీసుకొని వచ్చారు. మన ప్రాంతపు పాఠశాలలనుండి ఏటా విహారయాత్రలు ఆ దారినే పోవును గనుక బోటు ఎక్కేముందు ప్రాణరక్షక కోటులు లెక్కించుటతోపాటు, ఈ బోటు నుండి పిలిస్తే వినేది ఎవరు అని సరంగును అడుగుట ఉపాధ్యాయుల వంతు.

2024 జనవరిలో డాట్ రెండవ తరం వచ్చినది. ఇందులో నోరు, చెవి రెండూ కలవు. ఇది మన దేశపు నావిక్ ఉపగ్రహాల ద్వారా స్థానాన్ని తెలుసుకొనును. పిలుపు చేరగానే కేంద్రం నుండి జవాబు తిరిగి బోటుకు వచ్చును. తుపాను, సునామీ హెచ్చరికలు, చేపలు దొరికే చోట్లు కూడా దానిద్వారానే పంపవచ్చును. పెట్టెను ఫోనుతో కలుపుకొంటే వార్త స్థానిక భాషలో కనిపించును. అదే ఏడాది ఆగస్టు 30న లక్ష మరపడవలకు ఉచితంగా ఇటువంటి రెండువైపుల యంత్రాలు అమర్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రారంభించినది. తీరరక్షక దళానికి ఫోను అందే దూరంలో ఉన్నవారికి 1554 అనే సంఖ్య కలదు. బోటు మీద ఎర్ర మతాబులు ఉంటే వాటి మీద ముద్రించిన గడువు తేదీ చూడవలెను; తయారైన మూడేళ్లకు అవి పనికిరాకుండా పోవును. బీకన్ బ్యాటరీకి కూడా అటువంటి తేదీయే పెట్టె మీద ఉండును.